గీతతో పాటు లెక్క: బేర్ సరాయ్ ప్రణాళిక

బేర్ సరాయ్ ఒక ఎర్రగీత లోపల ఉన్న ఊరు. ఢిల్లీ రెవెన్యూ పటాల్లో ఊరి ఇళ్ళ చుట్టూ గీసే ఆ గీతని లాల్ డోరా అంటారు. 1908 నుంచీ వాడుకలో ఉన్న మాట. గీత లోపల ఇళ్ళు, బయట పొలాలు. పొలాలన్నీ నగరంలో కలిసిపోయాక కూడా గీత చెరగలేదు. లోపలి కట్టడాలకు నిబంధనలు సడలించారు. అందుకే ఈ ఇరుకు సందులు, ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డ మేడలు, కిటికీ తీస్తే ఎదురింటి కిటికీ చేతికందే గదులు. ఒకపక్క జేఎన్‌యూ పాత క్యాంపస్, మరోపక్క ఐఐటీ. ఇంత మంచి చోట మనబోటి వాళ్ళకి అందే అద్దెకి గది దొరుకుతోందంటే దానికి కారణం ఆ గీతే. కానీ ఆ గీతని ఎక్కడ మొదలుపెట్టి, ఏ రాయి నుంచి ఏ రాయికి గొలుసు పట్టి గీశారో చెప్పే కాగితం మాలో ఎవ్వరం చూడలేదు.

మేం భూగోళ శాస్త్రం, నీటి వనరులు, నగర ప్రణాళిక చదువుకోవడానికి, సివిల్స్‌కి చదువుకోవడానికి తెలుగు నేల నుంచి ఇక్కడికొచ్చిన వాళ్ళం. రోజూ పటాలతో పని. ఫొటోస్టాట్ షాపుల ముందు, టీ కొట్టు దగ్గర చాలాకాలంగా మా మధ్య ఒకటే వాదన నడుస్తోంది: నిజమైన విశ్లేషణకి డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ కావాలా, బ్రౌజర్‌లో తెరుచుకునే వెబ్ పటం చాలా? వాదించి వాదించి ఒకచోటికి వచ్చాం. అది ఇక్కడ రాస్తున్నాం. ఇది మా ఉద్యమానికి తొలి కాగితం. ఉద్యమానికి పేరు ఇంకా పెట్టలేదు, తొందర లేదు.

మేం నమ్మేది ఇది. ఒక మనిషి భూమినో ఇంటినో నీటినో అడవి హక్కునో తాకే పటం ఏదైనా సరే, దాన్ని తయారుచేసిన ప్రతి అడుగునీ ఇంకొకరు తమ సొంత కంప్యూటర్‌లో, ఎవరి అనుమతీ అడక్కుండా, మళ్ళీ వేసి చూసుకోగలగాలి. అలా వీలుకాని పటాన్ని సాక్ష్యంగా ఒప్పుకోం. ఇవాళ ఆ వీలు డెస్క్‌టాప్ మీద, అందులోనూ ఎవరైనా విప్పి చూడగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద ఉంది. కాబట్టి గట్టి పని అక్కడే చేస్తాం. ఫలితాన్ని నలుగురికీ చూపించడానికి వెబ్‌ని వాడతాం.

ఇదేదో కొత్త కోరిక అనుకోకండి. కోస్తాలో సర్వే ఆఫీసుకి వెళ్ళి ఒక సర్వే నంబరు ఎఫ్ఎంబీ (పొలం కొలతల పుస్తకం) నకలు తీసుకోండి. పొలం బొమ్మ ఒక్కటే ఉండదు. మధ్యలో జి-లైన్ అనే ఆధార గీత ఉంటుంది, దాని మీంచి ప్రతి మూలకీ ఎన్ని లింకుల ఆఫ్‌సెట్టో అంకెలుంటాయి. గొలుసుకి 100 లింకులు, గొలుసు 66 అడుగులు, పది చదరపు గొలుసులు ఒక ఎకరం. ఇంత తెలిసిన రైతు ఎవరైనా చెట్టు కింద కూర్చుని ఆ త్రిభుజాలు కూడి, కాగితం మీది విస్తీర్ణం సరో కాదో తేల్చుకోగలడు. తెలంగాణలో టిప్పన్ అనే పాత కొలతల కాగితం చేసిన పనీ ఇదే. టిప్పన్ చదవడం వచ్చిన పెద్దమనిషి ఊళ్ళో ఒక్కడున్నా సర్వేయరు ఒళ్ళు దగ్గర పెట్టుకుని కొలిచేవాడు. వందేళ్ళ కిందటి కాగితం గీతతో పాటు లెక్కనీ చూపించింది. ఇవాళ్టి తెర గీతని ఎంతో అందంగా చూపించి లెక్కని లోపలే ఉంచుకుంటోంది. మా పోరాటం ఆ లెక్క కోసం.

కొల్లేరు సంగతి చూడండి. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లం అది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చి పోసిన నీళ్ళు ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోతాయి. 1999 అక్టోబరులో ప్లస్ 5 కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చేపల చెరువుల గట్లు పగలగొట్టారు. హద్దుని ప్లస్ 3కి దించాలన్న కోరిక అప్పటినుంచీ నలుగుతూనే ఉంది, శాసనసభలో తీర్మానం కూడా అయింది. పార్టీలు మారినా, కమిటీలు మారినా ఆ రెండంకెలు మారలేదు.

ఆ ఐదూ, ఆ మూడూ సముద్రమట్టం మీద అడుగులు. ఐదడుగులంటే మీటరున్నర. మూడడుగులంటే మీటరుకి కాస్త తక్కువ. మధ్య తేడా రెండడుగులు, 61 సెంటీమీటర్లు, మనిషి మోకాలి ఎత్తు. అంత చదునైన నేల మీద మోకాలి ఎత్తు తేడా అంటే గీత కిలోమీటర్ల కొద్దీ జరుగుతుంది. ఆటపాకలో గూడబాతులు గూళ్ళు కట్టుకునే చోటు, చేపలు పట్టి బతికే కుటుంబాల వాడలు, చెరువు తవ్వుకున్న రైతు అప్పు, అన్నీ ఆ మోకాలి ఎత్తులోనే ఉన్నాయి.

ఇప్పుడు వెబ్‌లో నీటిమట్టం పటం ఏదైనా తెరవండి. కింద ఒక జారుడు మీట ఉంటుంది. దాన్ని కొద్దిగా జరిపితే నీలం రంగు పాకుతుంది, ఊళ్ళు మునుగుతాయి. కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. చూసినవాళ్ళు నమ్ముతారు. అందరికీ ఉచితంగా దొరికే ఎత్తుల డేటాల్లో బాగా వాడుకలో ఉన్నది ఎస్ఆర్‌టీఎం, అంటే 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ షటిల్ 11 రోజులపాటు రాడార్‌తో కొలిచింది. నేల మీద సుమారు 30 మీటర్లకొక గడి. ఆ డేటాని క్యూజీఐఎస్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, ఐడెంటిఫై బాణం పట్టుకుని కొల్లేరు గడుల మీద ఒక్కొక్కటిగా నొక్కుతూ వెళ్ళండి. అన్నీ పూర్ణాంకాలే. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఎక్కడా ఒకటిన్నర ఉండదు, ఎందుకంటే ఆ డేటాలో మీటరుకి తక్కువ కొలత అసలు లేదు. పైగా రాడార్ తరంగం తిరిగొచ్చింది నీటి పైనుంచా, గట్టు పైనుంచా, కిక్కిస గడ్డి పైనుంచా అన్నది వేరే చిక్కు. పొరపాటు 16 మీటర్ల లోపు ఉంటే చాలన్న లక్ష్యంతో ఆ సర్వే చేశారు. చాలాచోట్ల అంతకంటే ఎంతో మెరుగ్గా వచ్చింది, ఆ ఘనత దానిదే. అయినా రెండడుగుల తగాదాకి మీటరు కర్ర పనికిరాదు.

ఇంకొక సందేహం. ఈ ఎత్తు దేని నుంచి? ఎస్ఆర్‌టీఎం ఎత్తులు సముద్రమట్టాన్ని పోలిన ఒక జియాయిడ్ నమూనా నుంచి. అభయారణ్యం జీవోలో రాసింది సముద్రమట్టం నుంచి. డ్రోన్‌కి తగిలించిన జీపీఎస్ ఇచ్చేది భూమి ఆకారానికి లెక్కగట్టిన నున్నటి దీర్ఘగోళం నుంచి. మన తీరంలో ఆ చివరి రెండింటి మధ్య తేడా అడుగుల్లో ఉండదు, పదుల మీటర్లలో ఉంటుంది. సముద్రం ఒడ్డున నిలబడ్డ మనిషి ఎత్తుని ఆ పరికరం మైనస్‌లో చూపిస్తుంది. ఈ సంగతులు పొర ప్రాపర్టీస్‌లో, మెటాడేటాలో ఉంటాయి. డెస్క్‌టాప్‌లో ఆ పేజీ తెరుచుకుంటుంది. జారుడు మీట వెనకాల అది తెరుచుకోదు. ప్లస్ 5, ప్లస్ 3 మధ్య హద్దు తేల్చాలంటే బెంచ్‌మార్క్ నుంచి లెవలింగ్ చెయ్యాలి, లేదా లైడార్ లేజర్‌తో కొలిచి ఆ లెవలింగ్‌తో సరిచూడాలి. ఆ రెండూ లేకుండా రంగులు చూపించి మాట్లాడేవాళ్ళు కాకి లెక్కలు చెబుతున్నట్టే, వాళ్ళు పక్షుల వైపున్నా, చెరువుల వైపున్నా. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్ నగర్‌ని ముంచాక, ఈ పల్లాన్ని సరిగ్గా కొలవడం పక్షుల కోసమో చేపల కోసమో మాత్రమే కాదని అందరికీ అర్థమయ్యి ఉండాలి.

డెస్క్‌టాప్ వాడినంత మాత్రాన తప్పు రాదని మేం అనం. మేమే బోలెడు తప్పులు చేశాం. కానీ అక్కడ తప్పు ఎక్కడ జరిగిందో వెనక్కి నడిచి వెతుక్కోవడానికి దారి ఉంటుంది.

విస్తీర్ణం విషయానికి వస్తే చిక్కు ఇంకా సూటిగా కనిపిస్తుంది. 2005లో గూగుల్ మ్యాప్స్ వచ్చాక ప్రపంచమంతా వెబ్ మెర్కేటర్ అనే ఒకే ప్రక్షేపణకి అలవాటు పడింది. భూమిని చదరపు పలకలుగా ముక్కలు చేసి, చకచకా తెర మీదికి పంపడానికి అది చక్కని ఏర్పాటు. దారి వెతుక్కోవడానికి ఏ ఇబ్బందీ లేదు. కానీ భూమధ్యరేఖ నుంచి దూరం జరిగేకొద్దీ అది నేలని సాగదీస్తుంది. ఆ చదును పటం మీదే నేరుగా కొలిస్తే విజయవాడ దగ్గర ఒక ఎకరం దాదాపు 109 సెంట్లు అవుతుంది. అదే ఎకరం బేర్ సరాయ్ దగ్గరైతే దాదాపు 130 సెంట్లు. చెరువు చుట్టూ కిలోమీటరు బఫర్ అని ఇక్కడ గీస్తే నేల మీద పడేది 878 మీటర్లే. మిగతా 122 మీటర్లలో ఎవరి ఇల్లుందో!

చెయ్యి తిరిగిన వెబ్ పరికరాలు ఈ సంగతి తెలిసి గోళం మీదే కొలుస్తాయి, సరైన జవాబే ఇస్తాయి. నిజం. కానీ ఏ బటన్ ఏ లెక్క వేస్తుందో బటన్ మీద రాసి ఉండదు. క్యూజీఐఎస్‌లో మా తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ మొదటి రోజు చేయించేది ఈ పరీక్షే. వెబ్ మెర్కేటర్‌లో ఉన్న ఒక పొలం పొర తీసుకోండి. ఫీల్డ్ కాలిక్యులేటర్‌లో డాలర్ గుర్తు పెట్టి ఏరియా అని రాయండి, ఒక జవాబు వస్తుంది. డాలర్ తీసేసి ఏరియా ఫంక్షన్‌లో జామెట్రీ ఇచ్చి రాయండి, ఇంకో జవాబు వస్తుంది. మొదటిది దీర్ఘగోళం మీద కొలిచింది, రెండోది చదును కాగితం మీద కొలిచింది. ఒకే పొలం, ఒకే కంప్యూటర్, రెండు విస్తీర్ణాలు. ఆ రెండంకెల్ని పక్కపక్కన చూసిన పిల్లవాడు ఇక జన్మలో ఏ పటాన్నీ గుడ్డిగా నమ్మడు. ఆ ఒక్క చూపు కోసం ఈ ఉద్యమం పెట్టినా తప్పులేదనిపిస్తుంది నాకు.

పాత టోపోషీట్ల సంగతి కూడా చెప్పాలి. అవి 1830లో ఎవరెస్ట్ లెక్కగట్టిన దీర్ఘగోళం మీద గీసినవి. మన ఫోన్‌లోని జీపీఎస్ డబ్ల్యూజీఎస్ 84 మీద నడుస్తుంది. షీటు మూలల్లో ఉన్న అక్షాంశ రేఖాంశాల్ని మార్చకుండా అలాగే ఎక్కించేస్తే పటం మొత్తం నూరు మీటర్లకు పైగా పక్కకి జరిగిపోతుంది. నూరు మీటర్లంటే ఈ ఊళ్ళో లాల్ డోరా లోపలి ఇల్లు బయటికి పోతుంది. ఆంధ్రప్రదేశ్ అయితే మూడు యూటీఎం ప్రక్షేపణ జోన్లలో పరుచుకుని ఉంది: అనంతపురం 43లో, విజయవాడ 44లో, ఇచ్ఛాపురం 45లో. రాష్ట్రం మొత్తానికి ఒకే జోన్ పెట్టి కొలిచినవాళ్ళు ఎందుకు పెట్టారో చెప్పాలి. అడిగితే చిరాకు పడకూడదు.

వెబ్ మీద మాకు పగ లేదు. 2010లో వచ్చిన గూగుల్ ఎర్త్ ఇంజిన్‌ని మేమూ వాడతాం. 1972 నుంచి పోగుపడ్డ ల్యాండ్‌శాట్ చిత్రాల్ని ఒక విద్యార్థి తన లాప్‌టాప్‌లోకి దింపుకోలేడు. 2013లో ప్రపంచ అడవుల మార్పుల పటం వచ్చిందంటే అంత పెద్ద యంత్రం వెనకాల ఉండబట్టే. అక్కడ మనం రాసే స్క్రిప్టు కనీసం మన చేతిలో ఉంటుంది, ఇంకొకరికి ఇవ్వగలం. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వెబ్‌లో పుట్టి పెరిగినదే, దాని డేటా మొత్తం ఎవరైనా దింపుకోవచ్చు. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్ఆర్ఎస్‌సీ) 2009లో భువన్ అనే వెబ్ పటాల వేదికని తెచ్చినప్పుడు మన ఉపగ్రహాల చూపు మన ఇంటికొచ్చింది. అయితే అక్కడ చాలా పొరలు చూసుకోవడానికే ఉన్నాయి. ప్రజల డబ్బుతో తయారైన ప్రతి పొరా, ఎప్పటి చిత్రం నుంచి, ఎవరు, ఎలా వర్గీకరించారో రాసిన కాగితంతో సహా దింపుకునేలా ఉండాలి. ఇది మా మొదటి డిమాండ్.

ఇక నాకు జరిగిన సంగతి ఒకటి. అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీలో కొండ మీది ఊళ్ళ నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఎంతసేపు నడవాలో లెక్కకట్టే పని పెట్టుకున్నాను. చుట్టూ ఐదు కిలోమీటర్ల వలయం గీస్తే ఆ కొండల్లో అర్థం లేదు. గెడ్డలు దాటాలి, ఎత్తు ఎక్కాలి. అప్పట్లో నాకు చదువు ద్వారా ఒక వెబ్ వేదికలో ఖాతా ఉండేది. అందులో నడక సమయం లెక్కగట్టే పరికరం ఉంది. నొక్కితే క్రెడిట్లు ఖర్చవుతాయి, రంగుల పటం వస్తుంది. మూడు నెలలు దాని మీదే పనిచేశాను. రిజిస్ట్రేషన్ గడువు ముగిసిన రోజున ఖాతా మూతపడింది. పొరలు దింపుకుందామంటే లోపలికే పోనివ్వలేదు. మూడు నెలల పనిలో నా దగ్గర మిగిలింది ఒక స్క్రీన్‌షాట్. ఆ రాత్రి ఇదే బేర్ సరాయ్ గదిలో నేలమీద కూర్చుని ఏడ్చాను.

మళ్ళీ మొదటి నుంచి గ్రాస్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో చేశాను. అందులో ఆర్ డాట్ వాక్ అని ఒక పరికరం ఉంది. వాలుని బట్టి నడకకి పట్టే కాలాన్ని గడి గడికీ కడుతుంది. అందులో ముందే ఇచ్చిన అంకె చూసి ఆగిపోయాను: చదునులో మీటరుకి 0.72 సెకన్లు. అంటే గంటకి ఐదు కిలోమీటర్లు. బరువు లేని మనిషి, ఆరోగ్యంగా ఉన్న మనిషి నడక అది. నిండు గర్భిణిని డోలీలో మోసుకొచ్చేవాళ్ళు వానాకాలంలో, జారే బాటలో అలా నడవగలరా? ఆ అంకెని మార్చాను. ఊళ్ళో డోలీ మోసినవాళ్ళని అడిగి, ఏ మలుపు దగ్గర భుజం మార్చుకుంటారో, ఎక్కడ దింపి సేద తీరతారో రాసుకుని, మళ్ళీ మళ్ళీ మార్చాను. మార్చిన ప్రతిసారీ పటం మారింది. ‘అందుబాటులో ఉన్నవి’ అన్న లెక్కలోంచి ఊళ్ళు ఒకటొకటిగా బయటికి జారిపోయాయి. వెబ్ వేదికలోనూ ఇలాంటి అంకె ఏదో ఉండే ఉంటుంది. మూడు నెలలు వాడి కూడా దాన్ని నేనెప్పుడూ చూడలేదు. ఖాతా పోయినందుకు కంటే అందుకు ఎక్కువ బాధపడ్డాను.

వేదికలు మూతపడడం నా ఒక్కడి అనుభవం కాదు. గూగుల్ మ్యాప్స్ ఇంజిన్ 2016 జనవరితో ఆగిపోయింది. పాత్రికేయులు, స్వచ్ఛంద సంస్థలు ఎంతో ఇష్టపడి వాడిన ఫ్యూజన్ టేబుల్స్‌ని 2019 డిసెంబరు 3న మూసేశారు. డెస్క్‌టాప్ అయినా యాజమాన్యం ఇంకొకరిదైతే ఇదే దారి. ఒక తరం మొత్తం పని నేర్చుకున్న ఆర్క్‌మ్యాప్‌కి 2026 మార్చి 1 దాకానే మద్దతు అని దాన్ని తయారుచేసిన ఎస్రీ ప్రకటించింది. ఆర్క్‌జీఐఎస్ గొప్ప పనిముట్టు, కాదనం. కానీ లైసెన్స్ కొనలేక క్రాక్ చేసిన కాపీ మీద సిద్ధాంత వ్యాసం పూర్తిచేసినవాళ్ళు మనలో ఎందరో ఉన్నారు. ఏ సాఫ్ట్‌వేర్‌తో చేశావని అడిగితే తల దించుకోవాల్సిన పరిస్థితి విద్యార్థికి రాకూడదు. 2002లో గ్యారీ షెర్మన్ మొదలుపెట్టిన క్యూజీఐఎస్, 1980లలో అమెరికా సైన్యపు ఇంజనీర్లు మొదలుపెట్టి తరవాత ప్రపంచానికి వదిలేసిన గ్రాస్, వీటి లోపలి కోడ్ మొత్తం తెరిచి ఉంది. తలెత్తుకుని వాడవచ్చు.

విప్పి చూడగల పరికరం విలువ ఏమిటో ఒక పాత కథ చెబుతుంది. 1802 ఏప్రిల్‌లో దేశాన్ని కొలిచే సర్వే కోసం మద్రాసు దగ్గర మొదటి ఆధార రేఖ కొలిచిన విలియం ల్యాంబ్టన్ వెంట అర టన్ను బరువున్న థియొడొలైట్ ఉండేది. 1808లో తంజావూరు గుడి గోపురం మీదికి దాన్ని లాగుతుంటే తాడు తెగి గోడకి కొట్టుకుంది. వలయం వంకరపోయింది. ఆయన దాన్ని పంపించేసి కొత్తది కోసం కూర్చోలేదు. గుడారంలో తలుపు మూసుకుని వారాల తరబడి కూర్చుని విప్పి, సరిచేసి, మళ్ళీ కొలతకి దిగాడు. ఆ సర్వే ఎవరి లాభం కోసం జరిగిందో మాకు తెలుసు. ఆ పనితనం మాత్రం మాకు కావాలి. విప్పగలిగిన పరికరంతో కొలవడం, విప్పడం నేర్చుకోవడం.

తెలుగు గురించి రెండు మాటలు. మన ఊళ్ళ పేర్లు పటంలో ప్రశ్నార్థకాలుగా మారిపోవడం చూసి విసిగిపోయినవాళ్ళు చేతులెత్తండి. షేప్‌ఫైల్ అనే పాత ఫార్మాట్‌లో కాలమ్ పేరుకి పది బైట్లకి మించి చోటు లేదు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు. ‘గ్రామం’ అనే మాట రాయాలంటే పద్దెనిమిది బైట్లు కావాలి. అంటే మన భాషలో గ్రామం అని రాసుకోవడానికి ఆ పెట్టెలో జాగా లేదు. అందుకే ఎవరో ఎప్పుడో ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తప్పుడు స్పెల్లింగులే ప్రభుత్వ డేటా నిండా తిరుగుతున్నాయి, వాటిని చూసి మళ్ళీ తెలుగులో రాసినవాళ్ళు ఊరి పేరే మార్చేస్తున్నారు. జియోప్యాకేజీ అనే కొత్త ఫార్మాట్‌లో ఈ బెడద లేదు. ఈ రోజు నుంచి మేం షేప్‌ఫైల్ తయారుచెయ్యం. ఎవరైనా ఇస్తే తీసుకుంటాం, జియోప్యాకేజీగా మార్చి, ఊరివాళ్ళు పలికే పేరు తెలుగులో రాసి తిరిగిస్తాం. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో తెలుగు పేరుకి విడిగా ఒక ట్యాగ్ ఉంది, ఎవరి మండలం వాళ్ళు నింపుదాం.

చట్టం కూడా మనకి అడ్డు కాదు. 2021 ఫిబ్రవరి 15న వచ్చిన మార్గదర్శకాలతో పటాల తయారీకి ముందస్తు అనుమతుల బెడద భారతీయులకి చాలామటుకు తీరింది. 2022 డిసెంబరులో జాతీయ భూప్రాదేశిక విధానం వచ్చింది. ఇన్నాళ్ళూ అనుమతి లేదని ఆగినవాళ్ళం, ఇక చేతకాదని ఆగకూడదు.

కాబట్టి ఈ గదుల్లో మేం చెయ్యబోయే పని చెబుతాం. మాలో ఎవరు ఏ పటం బయటపెట్టినా దాంతో పాటు ముడి డేటా, లేదా అది దొరికే చోటు, ప్రక్షేపణ, ఎత్తుల ఆధారం, వేసిన అడుగుల మోడల్ ఫైలు, మార్చిన అంకెలు, ఎందుకు మార్చామో తెలుగులో ఒక పేజీ, ఇవన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి ఇస్తాం. ఆ ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లో పట్టాలి, ఇంటర్నెట్ లేని ఊళ్ళో తెరుచుకోవాలి. వేరొకరు దాన్ని మొదటినుంచి నడిపి అదే జవాబు తెచ్చాకే పటం మీద మా పేర్లు వేస్తాం. జవాబు తేడా వస్తే ఆ తేడానే ముందు ప్రకటిస్తాం.

చెరువుల ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) హద్దు, ముంపు హద్దు, అభయారణ్యం హద్దు, రీసర్వే హద్దు, వీటిల్లో దేన్ని ప్రభుత్వం వెబ్‌లో చూపించినా దాని వెనకాల ఫోల్డర్ అడుగుతాం. సమాచార హక్కు కింద అడుగుతాం, ఇవ్వకపోతే మళ్ళీ అడుగుతాం. హద్దు మాకు నచ్చినా అడుగుతాం. ఏ పార్టీ ప్రభుత్వమైనా అడుగుతాం. పేదవాడి గుడిసెని పటంలో నీలిరంగు చూపించి కూల్చేముందు ఆ నీలిరంగు ఏ గడి నుంచి వచ్చిందో ఆ ఇంటావిడకి తెలుగులో చెప్పాలి. చెప్పలేకపోతే ఆగాలి.

నేర్పడం కూడా మా పనే. సెలవులకి ఊరెళ్ళిన ప్రతి ఒక్కరూ కనీసం ఒక డిగ్రీ కాలేజీలో రెండు రోజులు కూర్చోవాలి. కాలేజీ ల్యాబుల్లో ఉన్న పాత కంప్యూటర్ల మీద క్యూజీఐఎస్ నిదానంగానైనా నడుస్తుంది. విలేజ్ సర్వేయర్లని పిలవండి, వాళ్ళకి నేల తెలుసు, మనకి తెర తెలుసు. టిప్పన్ చదవగలిగిన పెద్దవాళ్ళు ఇంకా మిగిలి ఉన్నారు, వాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకోండి. రికార్డు చేసుకోండి. అది ఇంకో పదేళ్ళు ఆగే పని కాదు.

ఇందులో చేరడానికి చందా లేదు. జేఎన్‌యూలో ప్రాంతీయాభివృద్ధి కేంద్రంలో చదివేవాళ్ళయినా, ఐఐటీలో సివిల్ చేసేవాళ్ళయినా, ప్రిలిమ్స్‌కి మూడోసారి కూర్చుంటున్నవాళ్ళయినా ఒకటే. వచ్చే ఆదివారం పొద్దున పదింటికి మా గదిలో మొదటి కూడిక. మార్కెట్ వైపునుంచి వస్తే ఫొటోస్టాట్ షాపు పక్క సందులో మూడో అంతస్తు. లాప్‌టాప్, ఛార్జర్ తెచ్చుకోండి. ఎక్స్‌టెన్షన్ బాక్సులు మేం పెడతాం. సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో ఉంటుంది, వైఫై అక్కర్లేదు.

ఆ రోజు రెండు పాత టోపోషీట్లు తెరుస్తాం. ఒకటి 53 హెచ్/2, మనం కూర్చున్న బేర్ సరాయ్ అందులో ఉంది. ఇంకొకటి 65 హెచ్/2, కొల్లేరు పడమటి వైపు అందులో ఉంది. రెండింటినీ ఎవరెస్ట్ దీర్ఘగోళం మీద ఎక్కించి, డబ్ల్యూజీఎస్‌కి మార్చి, ఎన్ని మీటర్లు జరిగాయో చేత్తో కొలుస్తాం. మీ ఊరి షీటు నంబరు తెలిస్తే రాసుకుని రండి, మూడోది అదే తెరుద్దాం.